ఎంబీబీఎస్ సీటు రాకపోతే క్యాన్సర్ పరిశోధన కుదరదా?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ తర్వాత ఏడాది లాంగ్‌టర్మ్ తీసుకున్నా నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. డాక్టర్ కాకపోయినా బ్లడ్ క్యాన్సర్, హెపటైటిస్ మీద రిసెర్చ్ చేస్తానంటోంది. మా బావమరిది జీనోమిక్స్ బీటెక్‌లో చేర్పించమంటున్నాడు. మళ్ళీ లాంగ్‌టర్మ్ మంచిదా, బీటెక్ మంచిదా, బీఎస్సీ మంచిదా?
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: డాక్టర్ కాని పిల్ల ఎప్పటికి స్థిరపడుతుందోనన్నదే మీ టెన్షన్ అని అర్థమైంది. ముందు ఒక మాట. మీ ఉత్తరం నిండా బావమరిది అభిప్రాయమే ఉంది. అమ్మాయి ఏ సబ్జెక్టు ఇష్టంగా చదువుతుందో ఎక్కడా రాయలేదు. లక్షల ఫీజు కట్టేముందు ఆ సంగతి కనుక్కోరా?

అమ్మాయి చెప్పిన రెండు జబ్బుల పరిశోధనకూ ఒక పాత చుట్టరికం ఉంది. 1960లలో అమెరికాలో బరూచ్ బ్లంబర్గ్, హార్వీ ఆల్టర్ అనే పరిశోధకులు కలిసి రక్త నమూనాలు పరీక్షిస్తుంటే ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో కొత్త ప్రొటీన్ కనిపించింది. అది లుకేమియా, అంటే ఒక రకం బ్లడ్ క్యాన్సర్, రోగుల్లో ఎక్కువగా ఉందని 1965లో పేపర్ కూడా వేశారు. డౌన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జన్యు సమస్య ఉన్నవాళ్ళకు లుకేమియా ముప్పు ఎక్కువ కాబట్టి వాళ్ళనూ పరీక్షించారు. అంతకుముందు నెగెటివ్ వచ్చిన ఒకతనికి తర్వాత పాజిటివ్ వచ్చింది. ఎందుకా అని చూస్తే ఆ మధ్యలో అతనికి హెపటైటిస్, అంటే కాలేయం వాపు, వచ్చింది. 1967లో బ్లంబర్గ్ ల్యాబ్ టెక్నీషియన్ బార్బరా వెర్నర్‌కు ఒంట్లో బాగాలేకపోతే, అనుమానం వచ్చి సాయంత్రం తన సీరమ్‌నే (రక్తంలోని ద్రవభాగం) పరీక్షకు పెట్టింది. తెల్లారి చూస్తే పరీక్ష జెల్‌లో సన్నటి గీత, అంటే పాజిటివ్. ఆమెకు హెపటైటిసే వచ్చింది, తర్వాత కోలుకుంది. ఆ ప్రొటీన్ హెపటైటిస్ బి వైరస్ పైపొరదని తేలింది. బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ వచ్చింది. ఆల్టర్‌కు హెపటైటిస్ సి పనికి 2020లో వచ్చింది.

లుకేమియా అనుకుని మొదలుపెట్టినవాళ్ళు కామెర్ల వైరస్ దగ్గర తేలారు. అందుకే పద్దెనిమిదేళ్ళకే ఒక జబ్బు పేరో, ఒక టెక్నాలజీ పేరో పట్టుకుని డిగ్రీ ఎంచుకోవడం నాకు నచ్చదు. బ్లంబర్గ్ మొదట ఫిజిక్స్ చదివారు, కొన్నాళ్ళు మ్యాథ్స్ చదివారు, ఆ తర్వాతే మెడిసిన్. మెడిసిన్ చదవమని సలహా ఇచ్చింది వాళ్ళ నాన్నే. ఈ ముక్క మీకు నచ్చుతుంది, కానీ అది సలహా మాత్రమేనని గుర్తుంచుకోండి.

జీనోమిక్స్ అంటే ఒక జీవి జన్యువులన్నిటినీ కలిపి చదివే శాస్త్రం. ఆ బీటెక్‌ల మీద నా అనుమానం దాచుకోను. బ్రోషర్‌లో మెషీన్ల ఫొటోలు బాగుంటాయి. ఆ మెషీన్ మీద విద్యార్థి చేయి ఎన్నిసార్లు పడుతుందో క్యాంపస్‌కు వెళ్ళి, మూడో ఏడాది పిల్లల్ని అడగండి. అలాంటి కోర్సులు చేసి నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్‌లోనో మెడికల్ కోడింగ్‌లోనో చేరారు. అవి తప్పు ఉద్యోగాలని కాదు, వాటి కోసం ఇంత ఖర్చు అక్కర్లేదు. ఆ కోర్సులోనూ ల్యాబ్ పని నిజంగా నేర్పే కాలేజీ దొరికితే సరే.

మరో లాంగ్‌టర్మ్ అమ్మాయి అడిగితేనే. బంధువుల నోరు మూయించడానికైతే వద్దు. ఎంబీబీఎస్ దారిలో రోగుల్ని చూస్తూ పాథాలజీ (జబ్బుల్ని ల్యాబ్‌లో గుర్తించే విభాగం), హెమటాలజీ (రక్తం జబ్బుల విభాగం) వైపు వెళ్ళొచ్చు, సంపాదన కూడా తొందరగా మొదలవుతుంది. బీఎస్సీలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ తీసుకుని ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తే వైద్యం చేయలేదు గానీ పరిశోధన చేయొచ్చు. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలున్నాయి. పీహెచ్‌డీకి జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 స్టైపెండ్. పర్మినెంట్ ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటడం మామూలే, దానికి మీరు సిద్ధపడాలి. మన హెపటైటిస్ బి వ్యాక్సిన్‌ను 1997లో తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించిన వరప్రసాద్ రెడ్డి గారు ఇంజినీరు, డాక్టర్ కాదు.

మీ పిల్ల ఓడిపోలేదండీ. పరీక్ష పోయినా ఏం చేయాలో తనే చెబుతోంది, ఆ స్పష్టత చాలామందికి ఉండదు. అడ్మిషన్ల లోపు తెలిసిన బ్లడ్ బ్యాంకులోనో డయాగ్నస్టిక్ ల్యాబ్‌లోనో కొన్నాళ్ళు పని చూడనివ్వండి. ఆ వాసన, ఆ ఓపిక తనకు సరిపడతాయో లేదో తేలుతుంది. పంపేముందు టీకా కార్డు తీసి హెపటైటిస్ బి డోసులు పూర్తయ్యాయో లేదో చూడండి, మిగిలి ఉంటే వేయించండి.