ఎనిమిదేళ్ల పాప రింగుల జుట్టుకు రిలాక్సర్ వాడొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. పెళ్లయ్యాక హ్యూస్టన్‌లో ఉంటున్నాం. మావారు ఆఫ్రికన్ అమెరికన్. ఎనిమిదేళ్ల మా పాపకు అచ్చం నాన్న జుట్టే వచ్చింది. దట్టంగా, చిన్న చిన్న రింగులుగా ఉంటుంది. దువ్వెన తీస్తే చాలు, ఏడుపే. ఈమధ్య తలకు తువ్వాలు చుట్టుకుని, అద్దం ముందు జడలా ఊపుకుంటూ ‘నాకు నీలా ఎందుకు లేదమ్మా’ అంటోంది. వేసవిలో ఊరికి వస్తున్నాం. ఈలోగా స్ట్రెయిటెనింగ్ చేయించమని మా అమ్మ పోరుతోంది. పిల్లల రిలాక్సర్ (జుట్టు సాఫు చేసే క్రీమ్) వాడొచ్చా? జుట్టు సాఫుగా మారడానికి నూనెగానీ మాత్రలుగానీ ఉన్నాయా?
– ఒక సోదరి, హ్యూస్టన్

జవాబు: అమ్మా, రిలాక్సర్ వద్దు. అలాంటి మాత్రలు, నూనెలు లేవు. పాప జుట్టుకు జబ్బేమీ లేదు కాబట్టి వైద్యమూ అక్కర్లేదు. మారాల్సింది దువ్వే పద్ధతి, ఆ జుట్టు గురించి ఇంట్లో మాట్లాడే తీరు.

రిలాక్సర్ అంటే ఏదో మెత్తటి క్రీమ్ అనుకుంటారు. అందులో పనిచేసేది ఘాటైన క్షారం. కొన్నిట్లో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా. పిల్లలకని అమ్మే ‘నో లై’ రకాల్లో అది ఉండదు గానీ, కలిపాక తయారయ్యేది కూడా బలమైన క్షారమే. వెంట్రుకకు ఆకారం, గట్టిదనం ఇచ్చే గంధకపు బంధాలను అది శాశ్వతంగా తెంచేస్తుంది. జుట్టు పెళుసుబారి విరుగుతుంది, మాడు కాలి పుండ్లు పడొచ్చు. కొత్తగా మొలిచేది మళ్లీ రింగులతోనే వస్తుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి వేయిస్తూనే ఉండాలి.

ఇంకో సంగతి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది మహిళలను దాదాపు 11 ఏళ్లు గమనించి, 2022లో ఫలితాలు ప్రచురించారు. స్ట్రెయిటెనింగ్ మందులు వాడనివారిలో 70 ఏళ్లు వచ్చేలోగా గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం. ఏడాదిలో నాలుగుసార్ల కంటే ఎక్కువ వాడినవారిలో 4.05 శాతం. ఆ మందే క్యాన్సర్ తెచ్చిందని దీనితో రుజువైపోలేదు. మీ అత్తగారో ఆడపడుచులో ఎన్నాళ్లుగానో వాడుతుంటే వాళ్లను టెన్షన్ పెట్టకండి. నెలసరి ఆగిపోయాక రక్తస్రావం కనిపిస్తే మాత్రం వెంటనే చూపించుకోమనండి.

ఇక దువ్వేటప్పుడు ఏడుపెందుకో చెబుతాను. ఇలాంటి వెంట్రుక కుదురులోనే వంపు తిరిగి ఉంటుంది. మాడులో ఊరే నూనె అన్ని మలుపులూ దాటి కొసదాకా చేరలేదు, అందుకే పొడిబారుతుంది. ప్రతి మలుపు దగ్గరా విరిగే వీలుంటుంది. చూడ్డానికి మొండిగా కనిపించే ఈ జుట్టు నిజానికి చాలా సుకుమారం. పొడి జుట్టును పైనుంచి కిందికి సన్నపళ్ల దువ్వెనతో లాగడం మన ఇళ్లలో అలవాటు. పాపకు అది పనికిరాదు.

వారానికో, రెండు వారాలకో ఒకసారి తలస్నానం చాలు. షాంపూ మాడుకు, కండిషనర్ జుట్టంతటికీ పట్టించండి. కండిషనర్ ఉండగానే నాలుగైదు పాయలుగా విడదీసి, ముందు వేళ్లతో, తర్వాత పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో, కొసల దగ్గర మొదలుపెట్టి పైకి రండి. కడిగాక తడి మీదే లీవ్ ఇన్ కండిషనర్ (రాసి కడగకుండా వదిలేసేది), ఆపైన కొంచెం నూనె. కొబ్బరినూనైనా సరే, మాడుకు మాత్రం దట్టంగా పట్టించకండి, చుండ్రు ఉంటే పెరుగుతుంది. రాత్రిపూట శాటిన్ టోపీ పెట్టండి. జడలు వదులుగా ఉండాలి. అల్లాక నొప్పి పుట్టినా, నుదుటి అంచున పొక్కులు లేచినా వెంటనే విప్పేయండి. ఏళ్ల తరబడి బిగించి లాగితే కణతల దగ్గర ఊడిన జుట్టు ఇక మొలవకపోవచ్చు. ఎక్కడైనా గుండ్రంగా ఊడి పొట్టు రాలుతుంటే ఫంగస్ కావచ్చు. దానికి నోటి ద్వారా మందులు కావాలి, డాక్టరుకు చూపించండి.

ఇదంతా నాకంటే మీ అత్తగారికి, ఆడపడుచులకు బాగా తెలిసి ఉంటుంది. నల్లజాతి కుటుంబాల్లో ‘వాష్ డే’, అంటే తలస్నానం చేయించి జుట్టు చూసుకునే రోజు, ఒక్కోసారి పూటంతా సాగే పని. ఒక ఆదివారం పాపతో వెళ్లి పక్కన కూర్చుని నేర్చుకోండి. తనలాంటి జుట్టే ఉన్న మేనత్త తనకు జడలు అల్లడం పాపకు ఏ మందూ చేయని మేలు చేస్తుంది.

ఇంత చిన్నపిల్లకు ఈ దిగులు ఎక్కడిదని మీకు అనిపించొచ్చు. 1940లలో కెన్నెత్, మేమీ క్లార్క్ అనే సైకాలజిస్టు దంపతులు 3 నుంచి 7 ఏళ్ల నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగితే ఎక్కువమంది తెల్లబొమ్మనే చూపించారు. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో ఇచ్చిన తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు క్లార్క్ పరిశోధనను ప్రస్తావించింది. పిల్లలు ఎవరూ నేర్పకుండానే చుట్టూ చూసి గ్రహించేస్తారు. ‘ఈ జుట్టుతో చస్తున్నాను’ అని దువ్వేటప్పుడు మీరు విసుక్కున్నా, అది తన గురించేనని పాపకు అర్థమవుతుంది. ఊరికే ఓదార్చకుండా ఉన్నది చెప్పండి. ఇది నాన్న జుట్టు, నాన్నమ్మ జుట్టు. తడిపి లాగితే స్ప్రింగులా సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. అమ్మ జుట్టుకు ఇది చేతకాదు.

బడిలో ఏమంటారోనన్న బెంగా వద్దు. జుట్టు తీరును బట్టి, జడలు, ట్విస్టులు (మెలితిప్పిన పాయలు), లాక్స్ (జటల్లాంటి పాయలు) వంటి అలంకరణలను బట్టి వివక్ష చూపకూడదని టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి చట్టం ఉంది.

మీ అమ్మగారిని నేను తప్పుపట్టను. వాలుజడే అందమని నమ్మి పెరిగిన తరం. మనం తిరుమలలో ఇచ్చే తలనీలాలే వేలంలో అమ్ముడై, విగ్గులుగా, ఎక్స్‌టెన్షన్లుగా విదేశీ మార్కెట్లకు వెళ్తున్నాయి. సాఫు జుట్టే అందమన్న నమ్మకం అంత దూరం పాకింది. ఆమెతో ఊరికొచ్చాక కాదు, ఇప్పుడే, పాప వినని సమయంలో ఫోన్లో మాట్లాడండి. జుట్టు మార్చబోమని తేల్చి చెప్పండి. మనవరాలికి పూలు పెట్టాలని ముచ్చటగా ఉంటే పెట్టమనండి, ఈ జుట్టులో మల్లెచెండు జారమన్నా జారదు. పెళ్లిళ్లలో చుట్టాలు వింతగా తల ముట్టుకోబోతే వద్దని మీరే చెప్పండి, ఆ భారం పాప మీద వేయకండి.

పెద్దయ్యాక తనే సాఫు చేసుకుంటానంటే అప్పుడు తన ఇష్టం. రసాయనం బదులు, వేడి నుంచి కాపాడే క్రీమ్ రాసి తక్కువ వేడితో ఎప్పుడైనా ఒకసారి చేసుకోవచ్చు. కడిగితే మళ్లీ రింగులు తిరుగుతాయి. తరచూ చేస్తే మాత్రం వేడికి కూడా జుట్టు పాడవుతుంది.