ప్రశ్న–జవాబు: రెండు సర్వర్లున్నా విమానాశ్రయం ఎందుకు ఆగిపోతుంది?

ప్ర: అబ్బాయి కోసం విమానాశ్రయంలో ఎదురుచూస్తుంటే ఫోన్లో యాప్ ‘దిగింది’ అంటోంది, బోర్డు మీద మాత్రం ఇంకా ‘ఆలస్యం’ అనే ఉంది. దేన్ని నమ్మాలి?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జ: దిగిందా లేదా అన్నదానికి యాప్‌ను నమ్మండి, సామాను వచ్చే బెల్టు నంబరుకు బోర్డును నమ్మండి. యాప్‌లు ఎక్కువగా ఎయిర్‌లైన్ సమాచారాన్నో, విమానం ప్రసారం చేసే సంకేతాన్నో చూసి చెబుతాయి. బోర్డు వెనక ఉండేది విమానాశ్రయం సొంత డేటాబేసు. ఆ రంగంలో దాన్ని ఏఓడీబీ అంటారు, అంటే ఎయిర్‌పోర్ట్ ఆపరేషనల్ డేటాబేస్. బే (విమానం నిలిపే చోటు), గేటు, బెల్టు, అనౌన్స్‌మెంటు, చివరికి ఎయిర్‌లైన్‌కు వేసే పార్కింగ్ బిల్లు దాకా అన్నిటికీ లెక్క అదే.

చిక్కెక్కడంటే, ఒకే విమానం గురించి నలుగురు నాలుగు టైములు పంపుతారు. అందుకే ప్రతి గడికీ ఒక యజమానిని ముందే ఖాయం చేయాలి. విమానం బయల్దేరే దాకా అంచనా టైము ఎయిర్‌లైన్‌ది, గాల్లోకి లేచాక ఏటీసీది, అంటే విమానాల రాకపోకలను నియంత్రించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌ది. దిగిన టైము టవరుది, బేలో ఆగిన టైము విమానాన్ని సరైన చోట నిలిపించే డాకింగ్ పరికరానిది. ఈ వరుస లేకపోతే ఎవరు చివర రాస్తే వారిదే చెల్లుతుంది. దారిలో చిక్కుకుని పది నిమిషాలు లేటుగా వచ్చిన పాత మెసేజి కొత్త టైమును చెరిపేస్తుంది. కాబట్టి మెసేజి ఎప్పుడు చేరిందని కాదు, ఎప్పుడు పుట్టిందని చూడాలి. మీరు చూసిన బోర్డు వెనకా ఇలాంటిదే ఏదో జరిగి ఉంటుంది.

ప్ర: 2024 జూలై 19న చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు కదా, అప్పుడు పడిపోయింది ఏఓడీబీయేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జ: కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల విండోస్ కంప్యూటర్లు పడిపోయిన రోజది. బోర్డింగ్ పాసు ఇచ్చేది ఎయిర్‌లైన్ చెకిన్ వ్యవస్థ, దాని దారి వేరు.

ప్ర: ఒకే డేటా ఉన్న రెండు సర్వర్లు పెడితే నమ్మకమైన వ్యవస్థ అయినట్టే కదా? ప్రాజెక్టుకు అలాగే డిజైన్ చేశాం.
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జ: అవదు. రెండో సర్వరు ఉన్నది మొదటిది కాలిపోతే ఆదుకోవడానికి. మొదటిది తప్పు రాస్తే రెండోదీ అదే తప్పును శ్రద్ధగా రాసుకుంటుంది.

2023 జనవరి 11న అమెరికాలో పైలట్లకు హెచ్చరికలు అందించే నోటమ్ వ్యవస్థ ఆగి, దేశీయ విమానాల బయల్దేరడాన్నే కొంతసేపు నిలిపేశారు. అసలు డేటాబేసుకూ బ్యాకప్‌కూ మధ్య పొంతన సరిచేస్తూ కాంట్రాక్టు సిబ్బంది పొరపాటున ఫైళ్లు తొలగించారని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ చెప్పింది. అంటే రక్షణ కోసం పెట్టుకున్న ఏర్పాటును సవరించబోతేనే ప్రమాదం వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 28న బ్రిటన్ ఏటీసీకి ఒక విమాన ప్రణాళిక అందింది. దారిలోని రెండు వేర్వేరు చోట్లకు డీవీఎల్ అన్న ఒకే సంకేతం ఉంది: ఒకటి ఫ్రాన్స్‌లో దోవిల్, రెండోది అమెరికాలో డెవిల్స్ లేక్. అసలు వ్యవస్థ దాన్ని తేల్చుకోలేక ఆగింది. పని బ్యాకప్‌కు వెళ్లింది. అందులోనూ అదే ప్రోగ్రాము, వచ్చిందీ అదే ప్రణాళిక, కాబట్టి అదీ ఆగింది. ఈ రెండూ పడిపోవడానికి 20 సెకన్లు కూడా పట్టలేదు.

మీ డిజైన్లో మార్చాల్సినవి చెబుతాను. రెండు సర్వర్ల మధ్య కేబుల్ తెగితే ‘అవతలిది పోయింది’ అని రెండూ అనుకుంటాయి, రెండూ రాయడం మొదలెడతాయి. తర్వాత వాటిని కలపడం నరకం. కాబట్టి వేరే గదిలో, వేరే కరెంటు లైను మీద మూడో సాక్షి యంత్రం ఉండాలి. ఈ మూడింటిలో రెండింటి మాట కలిస్తేనే రాయాలి. ఒకే ప్రాంగణంలో ఉన్న రెండు కాపీలకూ రాత పూర్తయ్యాకే ‘సరే’ అనిపించండి, లేదంటే మారే క్షణంలో చివరి కొన్ని సెకన్ల రాతలు పోతాయి. వీటికి తోడు కావాలనే గంట వెనకగా నడిచే ఇంకో కాపీ పెట్టండి. ఎవరైనా పొరపాటున ఒక టేబుల్‌ను చెరిపేస్తే ఆదుకునేది అదొక్కటే. అర్థంకాని మెసేజి వస్తే ఆగిపోకుండా దాన్ని పక్కన పడేసి, మనిషికి చూపించి, తర్వాతి మెసేజికి వెళ్లేలా రాయండి. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఇక వ్యవస్థ 99.9 శాతం సమయం పనిచేస్తుందని గొప్పగా రాసుకుంటారు కానీ, ఏడాదిలో అది దాదాపు 8 గంటల 45 నిమిషాల నిలుపుదల. 99.99 అయితే 53 నిమిషాలు.

ప్ర: మాది చిన్న విమానాశ్రయం. అర్ధరాత్రి దాటాక లేటయిన విమానాలు బోర్డులో రెండుసార్లు కనిపిస్తాయి, లేదా మాయమవుతాయి. ఎందుకు?
– గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఉద్యోగి, ఆంధ్రప్రదేశ్

జ: తేదీ వల్ల. 11న రాత్రి 23:50 విమానం 00:40కి జరిగిందనుకోండి. ఎవరో తేదీని 12కు మారుస్తారు. 12న అదే నంబరుతో మరో 23:50 విమానం ఎలాగూ ఉంది. ఇప్పుడు ఒకే పేరుతో ఇద్దరు. విమానాన్ని గుర్తించేది నంబరు, షెడ్యూలు తేదీ, రాకా పోకా అన్నది. ఎంత లేటయినా షెడ్యూలు తేదీని ముట్టుకోకూడదు, అంచనా టైము గడినే మార్చాలి. లోపల అన్నీ యూటీసీలోనే, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోనే నిల్వచేసి, చూపేటప్పుడే 5:30 గంటలు కలపాలి. మన 23:50 యూటీసీలో 18:20, మన 00:40 యూటీసీలో 19:10, రెండూ 11వ తేదీవే. తెర మీద చూస్తున్నది ఏ లెక్కో తెలియకపోతేనే తేదీ తప్పుతుంది.

ఒకవేళ వ్యవస్థే పడిపోతే? ప్రతి అరగంటకు రాబోయే 4 గంటల విమానాలు, బేలు, గేట్లు, బెల్టులు ఉన్న కాగితం దానంతటదే ప్రింటయ్యేలా పెట్టండి. ప్రింటరుకు యూపీఎస్ మరవద్దు, చాలాచోట్ల లేనిది అదే. వ్యవస్థ లేచాక బోర్డులను వెంటనే కలపకండి. ముందు దిగిన, బేలో ఆగిన, బే వదిలిన టైములు ఎక్కించండి. మీరు టైపు చేస్తున్న టైము కాదు, కాగితం మీద రాసుకున్న టైము ఎక్కించాలి, ఎందుకంటే పార్కింగ్ బిల్లు దాని మీదే వస్తుంది. క్యూలో పేరుకున్న మెసేజీలను పుట్టిన వరుసలో వదిలి, నాలుగైదు విమానాలను కాగితంతో సరిచూశాకే బోర్డులను తెరవండి.