‘రుకా’తో మొదలుపెట్టు

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

రోజుకు 50 రష్యన్ మాటలు బట్టీ పడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో తెగ మురిసిపోయింది. ఆ లెక్క మానెయ్. నీ మెడిసిన్ కోర్సు ఇంగ్లీషు మీడియమే కావచ్చు, కానీ వార్డులో ముసలమ్మలకు రష్యన్ తప్ప ఇంకోటి రాదు. ఒక్క నామవాచకం పట్టుకుని దాని రూపాలన్నీ నోటికి వచ్చేదాకా వదలకు. డాక్టర్ కాబోయేదానివి కాబట్టి ‘రుకా’తో మొదలుపెట్టు.

అర్థం మనకు తేలిక. మన ‘చెయ్యి’ లాగే భుజం కింద నుంచి వేళ్ల దాకా అంతా రుకాయే. మణికట్టు నుంచి కిందిభాగం మాత్రమే చెప్పాలంటే ‘కీస్త్’. ‘ప్లిచో’ దగ్గర మాత్రం జాగ్రత్త. మామూలు మాటల్లో అది భుజం, అనాటమీ క్లాసులో భుజం నుంచి మోచేతి దాకా ఉండే భాగం. రోగి ప్లిచో నొప్పి అంటే వేలు పెట్టి చూపించమను.

అసలు తిప్పలు రూపాలతోనే. రక్తం తీసే నర్సు ‘దాయ్‌త్యె రూకు’ అంటుంది, చెయ్యి ఇవ్వండి అని. చేతులు అయితే ‘రూకి’. చెయ్యి విరగడం ‘పిరిలోమ్ రుకీ’. ఈ రూకి, రుకీ రాతలో ఒక్కటే, నొక్కి పలికే చోటే వేరు. మనమూ చెయ్యిని చేతిగా మార్చుకుంటున్నాం కదా, వాళ్లనేం అంటాం! రష్యన్‌లో నొక్కిన అచ్చు కాస్త సాగుతుంది కాబట్టి తెలుగు లిపిలో దీర్ఘం పెట్టి రాసుకో. రష్యన్ పేపర్లలో ఎక్కడ నొక్కాలో చూపే గుర్తు వెయ్యరు, డిక్షనరీలో ఉంటుంది. ఇది పట్టుబడితే ‘నగా’, అంటే కాలు, ఊరికే వస్తుంది: నోగు, నోగి, నగీ.

నొప్పి చెప్పేటప్పుడు ‘ఉ మిన్యా బలీత్ రుకా’, అంటే నాకు చెయ్యి నొప్పెడుతోంది అని. ‘నా చెయ్యి’ అన్నట్టు మన ‘నా’కు సరిపడే రష్యన్ మాట మధ్యలో ఇరికించకు. రెండు చేతులూ నొప్పెడితే బలీత్ కాస్తా ‘బల్యాత్’ అవుతుంది.

ఇక జనం నోట్లో ఆడేవి. ‘రుకోయ్ పదాత్’ అంటే కూతవేటు దూరం. కుట్లు నీటుగా వేస్తే ‘జలతీయె రూకి’, బంగారు చేతులని మెచ్చుకుంటారు. ‘రూకి ని దఖోద్యత్’ అంటే చేద్దామనే ఉంది, తీరిక చిక్కట్లేదని. ఆఫీసులో గుమాస్తా ఆ మాట అన్నాడంటే నీ కాగితం ఇవాళ కదలదు, టెన్షన్ పడకుండా రూముకు వచ్చెయ్.

ఆదివారం వీడియో కాల్‌లో ఆరు విభక్తులూ, ఏకవచనం బహువచనం కలిపి అడుగుతాను. మీ అమ్మకు చెప్పకు, పక్కన కూర్చుని అందిస్తుంది.

మీ మావయ్య