రాత్రి షిఫ్టు వారంలోనే జలుబు ఎందుకు పట్టుకుంటోంది?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 34 ఏళ్లు. వారం వారం షిఫ్టు మారే కర్మాగారంలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. రాత్రి షిఫ్టు వారం ముగిసేసరికి తరచూ జలుబు, గొంతునొప్పి వస్తున్నాయి. పగలు నాలుగైదు గంటలకు మించి నిద్ర పట్టదు. విటమిన్ మాత్రలు వాడితే తగ్గుతుందా?

జవాబు: మీరు చివరన చెప్పిన నాలుగైదు గంటల నిద్రే ఇక్కడ ముఖ్యమైన సంగతి. మెదడులో, రెండు కంటినరాలు కలిసే చోటికి కాస్త పైన, కొన్ని వేల నాడీకణాల చిన్న గుంపు ఉంటుంది. కంటిమీద పడే వెలుతురును బట్టి అది పగలూ రాత్రీ లెక్క చూసుకుంటూ నిద్రను, హార్మోన్లను, రోగనిరోధక కణాల రాకపోకలను ఒక క్రమంలో నడుపుతుంది. వారానికోసారి వేళలు తారుమారైతే ఆ క్రమం కుదురుకునేలోపే షిఫ్టు మళ్లీ మారిపోతుంది.

2015లో వెలువడిన ఒక పరిశోధనలో 164 మంది ఆరోగ్యవంతుల నిద్రను వారం రోజులు మణికట్టు పరికరంతో కొలిచి, ఆ తర్వాత వారి ముక్కులో జలుబు వైరస్ ఉన్న చుక్కలు వేశారు. ఏడు గంటలకు మించి నిద్రపోయినవారితో పోలిస్తే, ఆరు గంటల లోపు నిద్రపోయినవారికి జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకు పైగా కనిపించింది. కాబట్టి దీన్ని మీ ఒంటి బలహీనతగా భావించి దిగులు పడకండి. లోపం ఉన్నట్లు పరీక్షలో తేలితే తప్ప, విటమిన్ మాత్రలు పోయిన నిద్రను పూడ్చలేవు.

పగటి నిద్రను మందు వేసుకున్నంత శ్రద్ధగా కాపాడుకోండి. గదికి మందపాటి తెరలు వేసి, ఫోను మోగకుండా చేసి, ఆ వేళల్లో లేపవద్దని ఇంట్లోవారికి గట్టిగా చెప్పండి; షిఫ్టు మనిషి పగటి నిద్రను బద్ధకంగా చూడటం నాకు ఎంతో బాధ కలిగించే విషయం. పడుకోవడానికి ఆరు గంటల ముందే కాఫీ, టీ ఆపేయండి. ఒక్క విడతలో నిద్ర చాలకపోతే డ్యూటీకి వెళ్లేముందు గంటన్నర కునుకు తీయండి. టీకా వేయించుకోవలసి వస్తే దానికి ముందూ తర్వాతా నిద్ర బాగా పట్టే రోజులు ఎంచుకోండి, ఎందుకంటే నిద్ర తగ్గితే కొన్ని టీకాలకు యాంటీబాడీలు తక్కువగా తయారవుతాయి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలో షిఫ్టులు మారితే శరీరం కొంత సులువుగా సర్దుకుంటుంది. మీ దగ్గర వరుస తిరగబడి ఉంటే పైఅధికారులను తప్పక అడగండి.

మధుమేహం ఉన్నవారికీ ఇన్ఫెక్షన్లు తరచూ వస్తాయి, పైగా షిఫ్టు పనివారిలో అది కాస్త ఎక్కువ. అందువల్ల ఒకసారి రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. దగ్గు రెండు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా వెంటనే డాక్టరును కలవండి.