చదువు బీరువాలో, తాళం అత్తమ్మ కొంగున

మాది పరకాల దగ్గర పల్లె. బీఎస్సీ చదివాను, పెళ్లయి నాలుగేళ్లు. బీఈడీ చేస్తానంటే అత్తమ్మ ఒప్పుకోదు. మెమోలు అడిగితే "నీ సదువు యాడికి పోతది, బీరువలనే ఉన్నది గద" అంది. ఆమె ఏడో తరగతిలోనే బడి మానిందట. మా ఆయన ఎటూ మాట్లాడడు. మొన్న చెల్లెలితో కలిసి ఫోన్‌లో 'లాపతా లేడీస్' సినిమా చూసి రాత్రంతా ఏడ్చాను. నేనూ అందులోని జయలా వెళ్లిపోనా?

అమ్మా, మీ అత్తమ్మ మాటకు ముందు నవ్వొచ్చింది. తర్వాత కాసేపు పెన్ను కదల్లేదు.

డెహ్రాడూన్ వెళ్లి సేంద్రియ వ్యవసాయం చదవాలన్న పట్టుదల జయదే. కానీ ఆమెకు దారి దొరికింది రైల్లో పెళ్లికూతుళ్లు తారుమారైతే. పరకాల బస్టాండులో అలాంటిది జరగదు. నన్నడిగితే మీరు చూడాల్సింది ఆ రెండో పెళ్లికూతురు ఫూల్‌ని. అత్తగారి ఊరి పేరు కూడా సరిగా తెలియని పిల్ల, స్టేషన్‌లో మంజు మాయి టీకొట్టు దగ్గర కలాకంద్ చేసి మొదటిసారి తన కష్టం డబ్బు చేతిలో చూసుకుంది. మీ కలాకంద్ మీ బీఎస్సీ. సాయంత్రం అరుగు మీద నలుగురు పదో తరగతి పిల్లలకు సైన్స్ చెప్పండి. ఆ డబ్బు మీ పేరున్న ఖాతాలోనే వేసుకోండి.

అత్తమ్మ సంగతి మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు, నాకు మాత్రం అక్కడే మనసు ఆగింది. ఏడో తరగతిలో ఆమె పుస్తకాలు ఎవరు దాచారో అడిగారా? పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఆమెనూ పక్కన కూర్చోబెట్టుకోండి. కరుగుతుందని హామీ ఇవ్వను. కరగకపోయినా మెమోలు మీవే.

బీఈడీకి ఎడ్‌సెట్ ప్రవేశ పరీక్ష రాయాలి, కోర్సు రెండేళ్లు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఒరిజినల్స్ అడిగేది సీటు వేళకు. ఈలోపు తేల్చుకోవాల్సింది మీ ఆయనతో. అన్నం తినేటప్పుడు, టీవీ ముందు వద్దు. పొలం దగ్గరికి వెంట వెళ్లి అడగండి: "బీరువా ఏ రోజు తెరుస్తరు?" "చూద్దాం" అంటే ఒప్పుకోకండి, తారీఖు చెప్పించుకోండి.

చెయ్యి చేసుకున్నా, బయటికి గెంటుతామన్నా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టం ప్రకారం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు మీకుంది. అంతదాకా రాకపోతే సంచి సర్దొద్దు. ఆ తారీఖు నాడు బీరువా తెరుచుకోకపోతే మళ్లీ రాయండి, డూప్లికేట్ మెమోల సంగతి అప్పుడు చూద్దాం.