ఓడ ఎక్కే ముందురోజు బస, ప్రయాణం: ఏదైనా తప్పితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది కరీంనగర్. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, అమ్మానాన్న, మొత్తం ఆరుగురం వచ్చే నెల ముంబై నుంచి గోవా క్రూజ్‌కు వెళ్తున్నాం. క్రూజ్ టికెట్లు ఇక్కడి ట్రావెల్ ఏజెంటు దగ్గర తీసుకున్నాం, 1,62,000 రూపాయలు అయింది. హైదరాబాద్ నుంచి విమానం, ముంబైలో ఒక రాత్రికి హోటల్ అమెరికాలో ఉన్న మా తమ్ముడు యాప్‌లో బుక్ చేస్తానంటున్నాడు. డబ్బు మొత్తం కట్టేదీ అతనే. ఓడ సాయంత్రం కదా, అదేరోజు ఉదయం విమానం ఎక్కినా సరిపోతుందని కొందరు అంటున్నారు. విమానం ఆలస్యమైనా, హోటల్ వాళ్లు గది లేదన్నా, కారు రాకపోయినా ఓడ తప్పుతుంది. అప్పుడు మా డబ్బు ఎవరిని అడగాలి?

జవాబు: మీరు బుకింగ్‌కు ముందే అడిగారు. ఇలాంటి వ్యవహారాల్లో కేసు గెలవడమూ ఓడడమూ చాలావరకు బుక్ చేసే రోజునే తేలిపోతుంది కాబట్టి ఇప్పుడు చేయగలిగింది చాలా ఉంది.

మీ దృష్టిలో ఇది ఒకే ప్రయాణం. చట్టం దృష్టిలో మాత్రం నాలుగు ఒప్పందాలు: విమాన సంస్థతో ఒకటి, హోటల్‌తో ఒకటి, కారు యజమానితో ఒకటి, క్రూజ్ కంపెనీతో ఒకటి. విమానం ఆలస్యమై మీరు ఓడ దగ్గరికి చేరలేకపోతే క్రూజ్ కంపెనీ తప్పేమీ లేదు. గేటు మూసే సమయం టికెట్టు మీద రాసే ఉంటుంది, ఓడ ఎవరి కోసమూ ఆగదు. రాని ప్రయాణికుడికి డబ్బు తిరిగి ఇవ్వబోమన్న షరతు కూడా అందులోనే ఉంటుంది. కాబట్టి ఆ 1,62,000 రూపాయలు రాబట్టుకోవాలంటే ఆలస్యం చేసినవాళ్ల మీదే వెళ్లాలి. అక్కడ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ అడ్డొస్తుంది. ఒప్పందం తప్పినవాడు మామూలుగా కలిగే నష్టానికే బాధ్యుడు. అంతకు మించిన నష్టం అతని మీద వేయాలంటే, అలాంటి నష్టం జరగొచ్చని ఒప్పందం చేసుకునేటప్పుడే అతనికి తెలిసి ఉండాలి. గది ఇవ్వని హోటల్ నుంచి గది అద్దె, వేరే గదికి అయిన అదనపు ఖర్చు సులువుగానే వస్తాయి. ఓడ టికెట్ల డబ్బు అడిగితే మాత్రం, ‘వీళ్లు ఓడ ఎక్కుతారని మాకేం తెలుసు?’ అంటారు.

అందుకే ముందే చెప్పాలి, రాతపూర్వకంగా చెప్పాలి. హోటల్‌కు, కారు వాళ్లకు డబ్బు కట్టకముందే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఇలా పంపండి: ‘మేం ఆరుగురం. ఫలానా తేదీ రాత్రి 11 గంటలకు హోటల్‌కు వస్తాం. మర్నాడు ఫలానా సమయానికి బల్లార్డ్ పియర్ క్రూజ్ టెర్మినల్‌లో ఉండాలి. ఓడ ఎక్కడం కోసమే ఈ గది (లేదా కారు) తీసుకుంటున్నాం. ఇది తప్పితే 1,62,000 రూపాయల ఓడ టికెట్లు పోతాయి. సరేనని జవాబు ఇచ్చాక డబ్బు కడతాం.’ వాళ్ల నుంచి ‘ఓకే’ అని ఒక్క ముక్క వచ్చినా చాలు, తమకు తెలియదనే వాదన బలహీనపడుతుంది. ఫోన్లో చెప్పి ఊరుకుంటే రుజువేమీ మిగలదు.

ఇంతకంటే మేలైన దారి ఇంకొకటి ఉంది. ఓడ టికెట్లు అమ్మిన ఏజెంటునే ముందురోజు హోటల్, అక్కడి నుంచి టెర్మినల్‌కు కారు కూడా ఏర్పాటు చేయమనండి. అన్నీ ఒకే బిల్లులో, అతని పేరు మీద రావాలి. అప్పుడు కారు రాక ఓడ తప్పితే అది ఆ ఏజెంటు సేవాలోపమే అవుతుంది. ‘నేను మధ్యవర్తిని మాత్రమే’ అని అతను అన్నా, డబ్బు ఎవరు తీసుకున్నారు, బిల్లు ఎవరిచ్చారు అన్నదే వినియోగదారుల కమిషన్ ముందుగా చూస్తుంది. యాప్ కంటే వెయ్యో రెండు వేలో ఎక్కువైనా మీ కుటుంబానికి ఇదే నయమని నా అభిప్రాయం.

అదేరోజు ఉదయం విమానం వద్దు. పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) నిబంధనల ప్రకారం ఆలస్యానికి నగదు పరిహారం లేదు. హైదరాబాద్–ముంబై లాంటి రెండున్నర గంటల్లోపు ప్రయాణానికి రెండు గంటలు ఆలస్యమైతే తిండి, పానీయాలు పెట్టాలి. ఆరు గంటలు దాటితే వేరే విమానమో పూర్తి వాపసో ఇవ్వాలి. 24 గంటల ముందైనా చెప్పకుండా రద్దు చేస్తే వాపసుతో పాటు పరిహారం ఉంటుంది. గంట నుంచి రెండు గంటల ప్రయాణానికి మనిషికి 7,500 రూపాయలు, లేదా ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. వాతావరణంలాంటి తమ చేతిలో లేని కారణం చూపిస్తే అదీ ఉండదు. ఓడ విలువకూ ఈ లెక్కకూ పొంతనే లేదు.

మీ తమ్ముడు బుక్ చేసేటప్పుడు చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. బుకింగ్‌లో సరైన ఫోన్ నంబరు, మెయిల్ ఇవ్వని ప్రయాణికుడికి రద్దు పరిహారం ఇవ్వక్కర్లేదని అవే నిబంధనలు చెబుతున్నాయి. అతను తన అమెరికా నంబరు ఒక్కటే ఇచ్చాడనుకోండి. విమానం మారిన మెసేజ్ అక్కడ అర్ధరాత్రి వస్తుంది, మీకు తెలిసేసరికి ఇక్కడ విమానాశ్రయంలో ఉంటారు. ‘మేం చెప్పాం కదా’ అంటుంది సంస్థ. మీ నంబరు, మీ మెయిల్ ఇవ్వమనండి. అమ్మానాన్నల పేర్లు ఆధార్‌లో ఎలా ఉంటే టికెట్టులో అచ్చం అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉండడం మన కుటుంబాల్లో మామూలే, గేటు దగ్గర ఇబ్బంది పెట్టేది కూడా అదే. విమాన సంస్థ వెబ్‌సైట్‌లో నేరుగా కొన్న టికెట్టయితే, బుక్ చేసిన 24 గంటల్లోపు చెబితే పేరు సవరణకు రుసుము తీసుకోకూడదు.

రైలులో వెళ్లాలనుకుంటే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ లాంటివి మధ్యాహ్నం బయల్దేరి మర్నాడు తెల్లవారేసరికి ముంబైలోని సీఎస్‌ఎంటీ స్టేషన్ చేరుస్తాయి. అక్కడి నుంచి బల్లార్డ్ పియర్ కిలోమీటరున్నర లోపే. రైలు ఆలస్యం మీద మీకు పనికొచ్చే సుప్రీంకోర్టు తీర్పు 2021 సెప్టెంబరులో వచ్చింది. 2016లో ఒక కుటుంబం అజ్మీర్–జమ్మూ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తుంటే రైలు నాలుగు గంటలు ఆలస్యమై, జమ్మూ నుంచి శ్రీనగర్ విమానం తప్పింది. ఆలస్యానికి కారణం రైల్వే రుజువు చేయలేకపోయింది. ట్యాక్సీకి 15,000, పోయిన బుకింగుకు 10,000, మానసిక వేదనకు 5,000, ఖర్చులకు 5,000 ఇవ్వాలన్న ఆదేశాన్ని కోర్టు ఖాయం చేసింది. ఇందులో గమనించాల్సింది, రైలు సమయానికి వచ్చి ఉంటే ఆ కుటుంబానికి దాదాపు నాలుగు గంటల వెసులుబాటు ఉంది. రెండు గంటల వ్యవధితో వెళ్లినవాళ్లకు అదే తీర్పు అంత బలంగా పనిచేయదు. వానాకాలంలో ముంబై పట్టాలు మునిగి ఆగిన రైలుకూ పనిచేయదు, ఎందుకంటే ఆలస్యానికి కారణం వానేనని రైల్వే సులువుగా రుజువు చేస్తుంది.

హోటల్ దగ్గర జరిగే పొరపాట్లలో ఎక్కువ తేదీవే. మీరు 14వ తేదీ అర్ధరాత్రి దాటాక, అంటే తేదీ 15కి మారాక 12.30కి చేరుతుంటే గది 14వ తేదీ రాత్రికి బుక్ చేయాలి. 15కి చేస్తే ఆ రాత్రి రిసెప్షన్‌లో కూర్చోవాల్సిందే, అందులో హోటల్ తప్పు ఉండదు. ఆలస్యంగా వస్తామని రాసి పెట్టకపోతే రాలేదని లెక్కేసి గది వేరొకరికి ఇచ్చేస్తారు. యాప్ బుకింగ్ అయ్యాక హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి బుకింగ్ వాళ్ల పుస్తకంలో ఉందో లేదో అడగండి, తర్వాత అదే విషయం మెసేజ్ పెట్టండి. డబ్బు యాప్‌కు వెళ్లి, బుకింగ్ హోటల్‌కు చేరని సందర్భాలు ఉంటాయి. ఆరుగురికి రెండు గదులు, పిల్లల వయసులు, లిఫ్టు ఉందా అన్నది ముందే రాయించుకోండి, ఫోర్ట్ ప్రాంతంలో పాత భవనాల్లో నడిచే హోటళ్లలో అమ్మానాన్నలకు మెట్లు కష్టం. తమ్ముడి పిల్లలెవరైనా అమెరికా పాస్‌పోర్టుతో మీతో వస్తుంటే అదీ ముందే చెప్పాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ల వివరాలను హోటల్ వాళ్లు ప్రభుత్వ అధికారులకు పంపాలి, ఆ ఏర్పాటు లేని చిన్న హోటళ్లు అర్ధరాత్రి గది ఇవ్వడం కుదరదంటాయి.

డబ్బు తీసుకుని గది లేదంటే అక్కడే రిసెప్షన్‌లో రాసివ్వమని అడగండి. ఇవ్వకపోతే వోచర్‌తో సహా ఫొటో తీసి, అదే నిమిషంలో యాప్‌కు ఫిర్యాదు పంపండి. 2020 ఈ–కామర్స్ నిబంధనల ప్రకారం యాప్‌కు ఫిర్యాదుల అధికారి ఉండాలి. 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మీరు మాత్రం వాళ్ల జవాబు కోసం రోడ్డు మీద కూర్చోకండి. పక్కన దొరికిన మామూలు హోటల్‌లో దిగి బిల్లు తీసుకోండి. నష్టాన్ని తగ్గించుకోవడానికి చేతనైనంత చేశారా అని 73వ సెక్షన్ చూస్తుంది. ఐదు నక్షత్రాల హోటల్‌కు వెళ్తే తేడా మొత్తం రాదు.

కారు విషయంలోనూ అంతే. విమానాశ్రయం నుంచి బల్లార్డ్ పియర్ పాతిక కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఆటో ఎక్కి వెళ్దామనుకోకండి, బాంద్రా, సయన్ దాటి దక్షిణ ముంబైలోకి ఆటోలను అనుమతించరు. కాలీ–పీలీ (నలుపు–పసుపు) ట్యాక్సీలో నలుగురే. ఏడు సీట్ల కారులో ఆరుగురు కూర్చుంటే ఆరు సూట్‌కేసులకు చోటుండదు, రెండు కార్లు మాట్లాడుకోవాలి. ఎక్కువ మందిని ఎక్కిస్తే మోటారు వాహనాల చట్టం 194ఏ ప్రకారం మనిషికి 200, పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు లేకపోతే 194బీ ప్రకారం 1,000 జరిమానా. డబ్బు కంటే, పోలీసు ఆపిన ఆ అరగంటే మీకు నష్టం. యాప్ కారు ఒప్పుకుని రద్దు చేస్తే కేంద్రం 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో డ్రైవరుకు జరిమానా ఛార్జీలో 10 శాతం, అదీ 100 రూపాయలు మించదు. కాబట్టి యాప్‌నే నమ్ముకోకుండా ముందురోజు రాత్రే పసుపు నంబరు ప్లేటు ఉన్న కారు మాట్లాడి, బండి నంబరు, డ్రైవరు పేరు మెసేజ్‌లో తీసుకోండి. తెల్ల ప్లేటు సొంత కారును కిరాయికి తీసుకుంటే పర్మిట్ ఉల్లంఘన అవుతుంది, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ దాన్నే పట్టుకుని వాదిస్తుంది. కరీంనగర్ నుంచే టెంపో మాట్లాడుకున్నా టూరిస్టు పర్మిట్ కాపీ చూడండి. ఇక కారు అసలు రాకపోతే ఎదురుచూడకుండా మెట్రో మూడో లైను ఎక్కండి. 2025 అక్టోబరు నుంచి అది విమానాశ్రయం నుంచి సీఎస్‌ఎంటీ మీదుగా కఫ్ పరేడ్ దాకా నడుస్తోంది. అందుబాటులో ఉన్న దారి ఎందుకు వాడలేదని రేపు ఎదుటి వకీలు అడుగుతాడు.

క్రూజ్ కంపెనీయే తేదీ మార్చినా, ప్రయాణం రద్దు చేసినా బాధ్యత తిరగబడుతుంది. టికెట్టు డబ్బుతో పాటు హోటల్, విమానం ఖర్చు కూడా అడగవచ్చు. వాటిని ఓడ కోసమే తీసుకున్నట్టు కంపెనీకో ఏజెంటుకో ముందు తెలియజేసి ఉంటే ఆ అడగడానికి బలం ఉంటుంది. ప్రయాణ బీమా తీసుకుంటే ‘మిస్డ్ కనెక్షన్’ (ఒక ప్రయాణం ఆలస్యమై తర్వాతిది తప్పిపోవడం) షరతు చదవండి. ఎన్ని గంటల ఆలస్యం దాటాలి, కారు ఆలస్యం లెక్కలోకి వస్తుందా అన్నవే ముఖ్యం. క్లెయిము తిరస్కరిస్తే ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

కేసు వేయాల్సి వస్తే ముంబై వెళ్లక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ఫిర్యాదీ నివసించే చోటే వేసే వీలు ఇచ్చింది, మీకు కరీంనగర్ జిల్లా కమిషన్ సరిపోతుంది. వివాదం మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు టికెట్టు మీద ఉన్నా కమిషన్‌కు వెళ్లే హక్కు పోదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించండి, చాలా చిన్న వివాదాలు అక్కడే తేలుతాయి. తేలకపోతే ఈ–జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. వాట్సాప్ సంభాషణలు చెరిపేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. ఎలక్ట్రానిక్ రుజువుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, స్క్రీన్‌షాట్లు మాత్రమే ఉంటే ఎదుటివాళ్లు ప్రశ్నిస్తారు.

డబ్బు తమ్ముడు కట్టినా ఫిర్యాదు మీరు వేయవచ్చు, అతని సమ్మతితో సేవ పొందిన మీరూ చట్టం ప్రకారం వినియోగదారులే. అయితే అతని కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపులు కనిపించే పేజీలు, మీ కోసమే కట్టానని అతను రాసిచ్చిన ఒక మెయిల్ ఇప్పుడే తెప్పించి ఉంచుకోండి. బిల్లుల్లో ప్రయాణికులుగా మీ ఆరుగురి పేర్లూ ఉండేలా బుకింగ్ రోజునే చూడండి.