సేవకు వెళ్తానంటున్న తమ్ముడికి, నైరోబీ నుంచి

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఉద్యోగం మీద నైరోబీ వచ్చిన ఒక తమ్ముడు మొన్న ఆదివారం అడిగాడు. "అన్నా, శని ఆదివారాలు ఖాళీగానే ఉంటున్నా, కిబెరా బస్తీలోనో ఏదైనా అనాథాశ్రమంలోనో వాలంటీర్‌గా చేయాలనుంది, ఎట్లా మొదలుపెట్టాలి?" ఈ పదిహేడేళ్లలో ఇదే మాట మనవాళ్లు చాలామంది అడిగారు, ప్రతిసారీ ఫోన్లో సగం చెప్పి సగం వదిలేశాను. ఈసారి కూర్చుని రాస్తున్నా.

ముందు నా సంగతి వింటే తర్వాత చెప్పేది అర్థమవుతుంది. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలూ పళ్లూ పాడైన ప్రాంతం. నా చిన్నతనంలో మా ఊరికి కార్లు వచ్చేవి, వంకర కాళ్ల పిల్లలను వరసగా నిలబెట్టి ఫొటోలు తీసుకునేవాళ్లు, బిస్కెట్ పాకెట్లు పంచి పోయేవాళ్లు. మా అక్క ఒకసారి ఆ వరసలో నిలబడింది. పళ్లు చూపించమన్నారని నోరు తెరిచింది, ఆ తర్వాత చాలా ఏళ్లు చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. కానీ వాళ్లు వెళ్లాక మేము మళ్లీ అదే బోరు దగ్గరికి అదే బిందె పట్టుకుని పోయాం, ఎక్కడి గొంగడి అక్కడే. నువ్వు కిబెరాలో అడుగుపెట్టే రోజు, ఆ వరసలో ఒకప్పుడు మనవాళ్లు నిలబడ్డారన్నది మర్చిపోకు.

అందుకే మొదటి మాట, అనాథాశ్రమాల జోలికి పోవద్దు. అక్కడున్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు, పేదరికం వల్ల వదిలిన పిల్లలు వాళ్లు. విదేశీయులు వచ్చి డబ్బు ఇస్తున్నంత కాలం పిల్లలను ఇంటికి పంపాలని ఎవరికీ ఉండదు. కెన్యా ప్రభుత్వమే 2017లో కొత్త పిల్లల ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది, పిల్లలను కుటుంబాల దగ్గరికి చేర్చాలన్నది ఇక్కడి విధానం. పైగా నెలకొక కొత్త అన్న వచ్చి ఎత్తుకుని ముద్దుచేసి మాయమైపోతుంటే ఆ పిల్లల మనసు ఏమవుతుందో ఆలోచించు. నీ దగ్గర పోలీస్ క్లియరెన్స్ అడగకుండా పిల్లల మధ్యకు పంపే సంస్థ ఏదైనా సరే, అక్కడి నుంచే వెనక్కి తిరుగు. ఫొటోలు అసలే వద్దు, ఇక్కడ 2019 నుంచి డేటా రక్షణ చట్టం ఉంది, పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం లేకపోయినా వద్దనే చెప్పేవాణ్ణి.

కాగితాల విషయం కూడా చూసుకో. నీది క్లాస్ డి పర్మిట్, అంటే ఉద్యోగానికి ఇచ్చే అనుమతి, అది నీ కంపెనీకీ నీ ఉద్యోగానికీ కట్టిపడేసినది. ఒక సంస్థలో వారం వారం పని ఒప్పుకునే ముందు మీ హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడుగు. పాలమూరు నుంచి బావమరిది టూరిస్టుగా వచ్చి రెండు నెలలు సేవ చేసి పోతాడన్నావు కదా, 2024 నుంచి వీసా బదులు ఆన్‌లైన్‌లో ఇస్తున్న ప్రయాణ అనుమతి, ఈటీఏ మీద అది కుదరదు, స్పెషల్ పాసో ధార్మిక సేవకు ఇచ్చే క్లాస్ ఐ పర్మిటో ఉండాలి. జీతం తీసుకోవడం లేదు కదా అన్న మాట ఇక్కడ చెల్లదు. అతను ఎంబీబీఎస్ అయినా ఇక్కడి మెడికల్ కౌన్సిల్ లైసెన్సు లేకుండా రోగిని ముట్టుకోకూడదు, మన ఊళ్లో చేయనివ్వనిది ఇక్కడి పేదల మీద ఎట్లా చేస్తాం? ఎల్లో ఫీవర్ టీకా బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ టీకా కేంద్రం ఐపీఎంలో వేయించుకోమను, ఆ కార్డు ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు కూడా అడుగుతారు. నైరోబీ ఎత్తు మీద ఉంది కాబట్టి మలేరియా భయం తక్కువ, కిసుము వైపో మొంబాసా వైపో పోతే మాత్రం డాక్టరును అడిగి మందులు వాడాలి.

ఇక అసలు విషయం, నీళ్లు. నేను వచ్చిన రెండో ఏడు ఆఫీసు పని మీద నకూరు పట్టణం వెళ్లాను. టీ కొట్టు దగ్గర ఒక పిల్లవాడు నవ్వాడు, అవే గారపళ్లు, మధ్యలో గోధుమరంగు చారలు, అచ్చం మా అక్క పళ్లు. చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. మనది గ్రానైట్ రాయి, ఇక్కడ రిఫ్ట్ వ్యాలీ అగ్నిపర్వతాల నేల, కానీ బోరులో వచ్చే ఫ్లోరైడ్ ఒకటే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఇక్కడ చాలా బోర్లు అది ఎప్పుడో దాటాయి. కాచి తాగితే సరిపోతుందని మనవాళ్లు కూడా అనుకుంటారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

అక్కడి నీళ్ల ఇంజనీరుతో మాట్లాడుతూ మాది నల్గొండ అన్నాను. ఆయన లేచి నిలబడి "నల్గొండ టెక్నిక్?" అన్నాడు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన జిల్లా గోస చూసి, నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి 1970లలో తయారుచేసిన పద్ధతి అది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో వేసి కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు వంచుకోవడం. కెన్యా, టాంజానియా, ఇథియోపియా దాకా వచ్చి వాడి చూశారు. ఆ రోజు నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను, ఆ గర్వంలోనే తప్పు కూడా చేశాను.

మనవాళ్లం పదకొండు మందిమి చందాలు వేసుకుని ఒక స్కూలుకు ఫిల్టర్ ప్లాంటు పెట్టించాం, సామాను హైదరాబాద్ నుంచి తెప్పించి. ఊరివాళ్లను అడగలేదు. ఎనిమిది నెలలకు పంపు చెడిపోయింది, విడిభాగం ఇక్కడ దొరకదు. అడుగున చేరిన మడ్డి ఎక్కడ పోయాలో ఎవరికీ చెప్పలేదు. తిరిగి వెళ్లేసరికి ట్యాంకులో కోడిపిల్లలున్నాయి. స్కూల్లో వంటచేసే ఆవిడ నొచ్చుకోకుండా చెప్పింది, అక్కడి ఆడవాళ్ల చామా, అంటే మన పొదుపు సంఘం లాంటిది, వాళ్లు వాననీళ్ల ట్యాంకుల కోసం ముందు నుంచీ డబ్బు కూడబెడుతున్నారట. మమ్మల్ని ఎవరైనా అడిగితే చెప్పేవాళ్లం అంది.

తర్వాత వాళ్ల ట్యాంకులకే డబ్బు కలిపాం, ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పెసాలో చామా ఖాతాకు, లెక్క వాళ్లే రాసుకుంటారు. పశువుల ఎముకలు కాల్చిన బొగ్గుతో వడపోసే పద్ధతి కూడా నకూరు వైపు ఎప్పటి నుంచో ఉంది, దాని బాగోగులు తెలిసిన మనుషులు అక్కడే ఉన్నారు. నేను చేసేదల్లా రెండు నెలలకోసారి పోయి నీళ్ల పరీక్ష చేయించి, ఆ అంకె గోడ మీద రాయడం. ఆ చిన్న పని మానకుండా చేసేవాళ్లే దొరకడం లేదు తమ్ముడూ.

నీకు అకౌంట్స్ వచ్చు, చామా ఆడవాళ్లకు లెక్కల పుస్తకం సరిచూసే మనిషి కావాలట. ఏడాది పాటు నెలకొక శనివారం ఇవ్వగలిగితేనే రా, ఇవ్వలేకపోతే ఇప్పుడే చెప్పు, ఏమీ అనుకోను. కొంచెం స్వాహిలీ నేర్చుకో, కనీసం పలకరింపులైనా. వచ్చే నెల రెండో శనివారం పొద్దున ఆరింటికి బయల్దేరుతున్నా, నూట అరవై కిలోమీటర్లు, కారులో ఇద్దరికి చోటుంది. స్వెటర్ తెచ్చుకో, నకూరులో రాత్రిళ్లు చలి.